పొద్దుటి పాసింజరులో మనుషుల్ని అంటించడం

చీరాల,
ఆగస్టు 11.

మహిమకు,

వందనాలు. నాలుగేళ్లుగా అన్నయ్య నంబరు బ్లాక్ చేసి పెట్టావు కాబట్టి, అరవై రెండేళ్ల వయసులో పోస్టాఫీసు దాకా పోయి ఈ కవరు కొనుక్కొచ్చాను. నువ్వు కోరుకున్నది అదే అయితే సంతోషించు.

నా బొమ్మ రైలు కోసం నువ్వు చేసిన ప్రయాణికులు నలభై మంది మొన్న బుధవారం చేరారు. డబ్బాలో రంపపు పొట్టు బాగానే కూరావు, ఎవరికీ చెయ్యీ కాలూ విరగలేదు. ఈ మంచి మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఉత్తరం మొత్తంలో ఇంకోటి ఉండదు.

వడ్రంగులు వాడే తెల్ల జిగురు పెట్టి పదహారు మందిని మొదటి పెట్టెలో సీట్ల మీద అంటించాను. రెండు రోజులు ఆరనిచ్చి బండి నడిపాను. మొదటి మలుపులోనే పదకొండు మంది బోర్లా పడ్డారు. మిగిలిన ఐదుగురు స్టేషన్ దాటుతుండగా పడ్డారు. ఎత్తి చూస్తే ఒక్కొక్కడి కింది భాగం టీలో ముంచిన బన్నులా ఉబ్బి ఉంది. ముప్పై ఏళ్లుగా బడిలో డ్రాయింగు చెబుతున్నావు కదా, రెండంగుళాల మనిషికి అడుగు చదునుగా చేయడం రాదా? డిసెంబరులో మా రిటైర్డ్ రైల్వే ఉద్యోగుల సంఘం పాతికేళ్ల పండుగ. ప్రదర్శనలో అందరూ నా బండి కోసమే ఎదురుచూస్తున్నారు. వాళ్ల ముందు ప్రయాణికులు దొర్లిపడితే నవ్వేది నిన్ను చూసి కాదు, నన్ను చూసి.

ఇంకొకటి. నలభై మందిలో తొమ్మిది మందిని నేల మీద కూర్చున్నట్టు చేశావు. నేలమీద కూర్చునేవాళ్లు కావాలని నేను అడిగానా? టేకు ముక్కలు తెచ్చి ఒక్కొక్క సీటూ చెక్కాను. అవి మనుషులు కూర్చోడానికి. ఆ తొమ్మిది మందిలో మూట పక్కన పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి ఒకావిడ ఉంది. ఆవిడ గురించి నేనేమీ అడగడం లేదు. కాళ్లు కిందికి వేలాడేసి, సీటుకు సరిపోయేలా ఇంకొకరిని చేసి పంపు.

జయపాల్


పర్చూరు,
ఆగస్టు 20.

అన్నయ్యకు,

మీ సంఘం కార్యదర్శి మరియదాసు అన్న వచ్చి అడిగాడు కాబట్టి ఈ పనికి ఒప్పుకున్నాను. నువ్వు అడిగి ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు. ముందు ఈ సంగతి బుర్రలో పెట్టుకో.

ఆ బొమ్మలు దేనితో చేశానో నీకు తెలియదా? పాత పరీక్ష పేపర్లు నానబెట్టి, రుబ్బి, మెంతిపిండి కలిపి, బైండింగు వైరు మీద ఎక్కించిన గుజ్జు. అమ్మ చేటలకు, బుట్టలకు పూసేది, అదే. కాగితపు గుజ్జుకు నీళ్ల జిగురు పూసి, రెండు రోజులు నానబెట్టి, ఉబ్బిపోయిందని నన్ను తిడతావా? బడిలో ఆరో తరగతి పిల్లవాడు ఇలా చేస్తే బెంచీ ఎక్కించేదాన్ని.

ప్రతి బొమ్మ కింద అర అంగుళం తీగ వదిలాను. సీటుకు సన్న బెజ్జం పెట్టి అందులో దిగేయడానికి. ఆ తీగ చూసి తోకనుకున్నావా? కత్తిరించి పారేసి ఉంటావు. నీకు అడగడం ఎప్పుడు తెలుసు కనుక. ఇప్పుడైనా చెబుతున్నాను, కింది భాగానికి వార్నిషు పూసి బాగా ఆరనివ్వు. తడి లోపలికి పోదు. తుమ్మ బంక మాత్రం వాడకు, మీ చీరాల సముద్రపు గాలికి అది ఏడాది పొడుగునా జిడ్డు కారుతూనే ఉంటుంది.

నేల మీద వాళ్ల సంగతి. నువ్వు చేస్తున్నది ఏ బండి? పొద్దున ఆరున్నరకు చీరాలలో బయల్దేరి తెనాలి పోయే ఆనాటి పాసింజరు. అందులో సీట్ల మీద ఎంతమందో నేల మీద అంతమంది. పాల క్యాన్లు, చేపల గంపలు, లుంగీల మూటలు. నీ టేకు సీట్ల కోసం వాళ్లందరినీ బండి దించేస్తావా?

మూట పక్కన కూర్చున్నది అమ్మ. నీకు తెలుసు, తెలిసే 'ఒకావిడ' అని రాశావు. ముప్పై ఏళ్లు ఆ బండిలో, పాయిఖానా పక్క తలుపు దగ్గర నేల మీద కూర్చుని తెనాలికి లుంగీలు, తువ్వాళ్లు మోసింది. ఆమె పోతే జ్ఞాపకార్థ కూడిక కార్డులో 'శ్రీమతి ఆదెమ్మ గారు, గృహిణి' అని అచ్చు వేయించావు. గృహిణి! ఇంట్లో ఎప్పుడుంది ఆమె? ఆ కార్డు చేతిలోకి తీసుకున్న రోజే నీ నంబరు బ్లాక్ చేశాను.

ఆ మూట మీద గుడ్డ అమ్మ ఆఖరుగా అమ్మిన లుంగీల్లోని ముక్క. ఆమె తలుపు దగ్గరే కూర్చోవాలి. అక్కడ తప్ప ఇంకెక్కడా కూర్చోబెట్టడానికి వీల్లేదు.

మహిమ


చీరాల,
సెప్టెంబరు 9.

శ్రీమతి మహిమ టీచరు గారికి,

తమరు సెలవిచ్చినట్టే వార్నిషు పూశాను. తీగలు కత్తిరించిన మాట నిజమే. డబ్బా మీద ఒక్క ముక్క రాసి పెడితే అరిగిపోతావా?

తీగలు లేవు కాబట్టి పది సెకన్లలో పట్టేస్తుందనే జిగురు తెచ్చాను. రెండో పెట్టెలో పదిహేను మందికి చుక్క చుక్క వేసుకుంటూ పోయాను. ఏడోవాడి పంచె మీద చుక్క పడింది. పంచెలోంచి పొగ వచ్చింది. నిజం పొగ! కంగారుపడి దూదితో తుడవబోయాను, దూది కూడా పొగలు కక్కి నా చూపుడు వేలు కాలింది. ఆ జిగురు పత్తికి తగిలితే మండిపోయేంత వేడి పుడుతుందట. అట్ట వెనక చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. చుట్టూ పత్తి చేలే ఉన్న చోట పుట్టి పెరిగాం, ఇద్దరికీ ఆ సంగతి తెలియలేదు. బొమ్మలకు నేత గుడ్డలు కట్టమని నీకెవరు చెప్పారు? రంగు పూస్తే సరిపోయేది కదా.

అంతటితో అయిపోలేదు. కప్పు బిగించి పక్కన పెట్టి, మర్నాడు తీస్తే కిటికీలన్నీ లోపలి వైపు తెల్లగా మసకబారి ఉన్నాయి. ఎంత తుడిచినా పోదు. ఆ జిగురు ఆవిరి బయటికి పోయే దారి లేక ప్లాస్టిక్కు మీద పేరుకుందని అద్దాల షాపు సైదా చెప్పాడు. ఇరవై నాలుగు కిటికీలు పీకి మళ్లీ కోశాను. నాలుగు రోజుల పని. పైగా బండి నడిపితే ఆ జిగురు కుదుపుకు పెళుసుగా విరిగి ఆరుగురు పడ్డారు.

అమ్మ విషయానికి వస్తాను. బొమ్మ కాళ్లకు వేడినీళ్ల గుడ్డ చుట్టి, మెత్తబడ్డాక వంచి, సీటుకు సరిపెట్టాను. మధ్య పెట్టెలో కిటికీ పక్క సీటు. రెండు ట్యూబులు సమానంగా కలిపి వాడే జిగురు ఉంటుంది చూడు, దాంతో అంటించాను. అది గట్టిపడిందంటే భూకంపం వచ్చినా ఊడదు. మూట విడదీసి పైన సామాన్ల అరలో పెట్టాను. బతికినన్నాళ్లూ నేల మీద కూర్చున్న మనిషికి ఇప్పుడైనా నేను సీటు ఇస్తే నీకెక్కడ నొప్పి? ప్రదర్శనకు వచ్చేవాళ్లంతా నాతో సర్వీసు చేసినవాళ్లు. వాళ్ల ముందు మా అమ్మను పాయిఖానా పక్కన కూర్చోబెట్టమంటావా?

మిగిలిన వాళ్లను త్వరగా పంపు. తీగలు ఉండనీ.

జయపాల్


పర్చూరు,
సెప్టెంబరు 14.

జయపాల్ గారికి,

అమ్మ కాళ్లు వంచావా?

మహిమ


పర్చూరు,
సెప్టెంబరు 17.

జయపాల్ గారికి,

ఆ కార్డు రాశాక మూడు రోజులు పెన్ను ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏం రాస్తానో అని భయం వేసింది. ఇప్పుడు భయం పోయింది.

సీటు ఇచ్చానంటావా? ఏ మొహం పెట్టుకుని? తొంభయ్యో సంవత్సరం, జూలై నెల. నువ్వు టీసీగా చేరి నల్లకోటు వేసుకున్న కొత్త. బాపట్లకు ముందు వచ్చే చిన్న స్టేషన్‌లో, నీడనిచ్చే రేకు కూడా లేని చోట, అమ్మను మూటతో సహా దించేసింది ఎవరు? లగేజీ బుక్ చేయలేదని. ఆమె దగ్గర టికెట్ ఉంది. రోజూ అలాగే పోయేది. తన మూట మీద వచ్చిన లాభంతోనే నీ పుస్తకాలు కొంది, నీ పరీక్షకు మద్రాసు పంపింది. ఆ మూట బరువే నీకు ఎక్కువైందా?

ఇదంతా నాకెలా తెలుసని అడుగుతావేమో. అమ్మ చెప్పింది. పోయే ముందు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. నీతో అననని మాటిచ్చాను కాబట్టి ఇన్నాళ్లూ ఊరుకున్నాను. నువ్వు ఆమె కాళ్లు వంచి, జిగురు పోసి, నేను సీటు ఇచ్చానని గొప్పలు రాస్తుంటే ఇక ఊరుకోను.

నెలాఖరులోగా అమ్మ సీటు మీది నుంచి తలుపు దగ్గరికి రావాలి. రాకపోతే నా బొమ్మలు ఒక్కటి మిగలకుండా వెనక్కి పంపించు. ఖాళీ పెట్టెలు తిప్పుకుంటూ మీ వాళ్లకు చూపించు. మరియదాసు అన్నకు కారణం కూడా నేనే రాస్తాను, పూర్తిగా.

మహిమ


చీరాల,
సెప్టెంబరు 25.

మహిమా,

దించాను. అబద్ధమాడను.

ఉద్యోగంలో చేరి ఏడో నెల. ఆ రోజు చెకింగ్ స్క్వాడ్‌తో ఎక్కాను. మా ఇన్‌స్పెక్టరు నా వెనకే ఉన్నాడు. అమ్మ తలుపు దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసింది. చూసి, పలకరించకుండా కొంగు ముఖం మీదికి లాక్కుంది. తను మా అమ్మ అని తెలిస్తే నాకు నామోషీ అని ఆమెకు అప్పటికే తెలుసు. నేనెప్పుడు చెప్పాను ఆమెకు ఆ సంగతి? చెప్పలేదు. కానీ తెలుసు.

ఇన్‌స్పెక్టరు మూటను బూటుతో తట్టి "ఎవరిదిది?" అన్నాడు.

"నాదేనండి."

"బుక్ చేశావా?"

"లేదండి. రోజూ ఇట్టాగే పోతానండి."

ఆయన నా వైపు తిరిగి "జయపాల్, దించెయ్" అన్నాడు. 'మా అమ్మ సార్.' అంతే అనాల్సింది. మూడు మాటలు. ఆయనేం రాక్షసుడు కాదు, అని ఉంటే తల ఊపి ముందుకు పోయేవాడు. బండి ఆగింది. నేను అందరితో అన్నట్టే ఆమెతో "దిగమ్మా, దిగు" అన్నాను.

"దిగుతున్నానండి టీసీ గారూ, మూట కాస్త పట్టండి" అంది.

నన్ను అండి అంది మహిమా. కన్న కొడుకుని. నన్ను కాపాడటానికి అంది. నేను మూట కూడా పట్టలేదు. ఆమే ఈడ్చుకుని దిగింది. బండి కదిలాక కిటికీలోంచి చూశాను, కంకర మీద మూట పక్కన నిలబడి కొంగుతో మెడ తుడుచుకుంటోంది. ఈ సంగతి మా ఆవిడకు కూడా నేను చెప్పలేదు. అమ్మకు సీటు ఎందుకు ఇచ్చానో, అది ఊడకుండా ఎందుకు అంటించానో ఇప్పుడు నీకు అర్థమైందా? అర్థమైనా కాకపోయినా నాకు ఒకటే.

ఇక నీ వంతు.

అమ్మ పోయే ముందు నీకు చెప్పిందని రాశావు. అమ్మకు ఆఖరి పదకొండు రోజులు మాట పడిపోయింది. పక్కన ఉన్నది నేను. నువ్వు తొమ్మిదో రోజు వచ్చావు. ఆమె నీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పే మనిషే అయితే ఆ రోజే పెట్టెలో అందరి ముందూ చెప్పేది.

నీకెలా తెలుసో నాకు తెలుసు. మూడో వరస, కిటికీ పక్క సీటు. ఆకుపచ్చ ఓణీ. బాపట్ల కాలేజీకి సీజన్ టికెట్ మీద పోతున్నావు. నీ చుట్టూ స్నేహితురాళ్లు ముగ్గురు. అమ్మ మూట ఈడుస్తూ ఒకసారి నీ వైపు చూసింది. నీ పక్కనున్న పిల్ల "ఎవరే ఆవిడ, నిన్నే చూస్తంది?" అంది. నువ్వు "ఏమో, ఎవరో మూటలావిడ" అన్నావు. అని కిటికీ వైపు తిరిగావు.

నేను గజం దూరంలో ఉన్నాను. నేను విన్నాను. నా కంటే అమ్మే నీకు దగ్గరగా ఉంది.

ముప్పై నాలుగేళ్లు ఈ మాట నేను అనకుండా ఉన్నానంటే నీ మీద ప్రేమ అనుకోకు. అంటే నాదీ బయటపడుతుందని నోరు మూసుకున్నాను, అంతే. కార్డులో గృహిణి అని వేశానని నాలుగేళ్లు నన్ను వెలేశావు. నువ్వు ఏమని వేయించేదానివి? మూటలావిడ అనా?

నిజమైన బండి కావాలన్నావు కదా. చేద్దాం. అమ్మ తలుపు దగ్గర కూర్చుంటుంది. అయితే ఆకుపచ్చ ఓణీ పిల్లను కూడా చేసి పంపు. ఆమె లేకుండా అమ్మ ఆ సీటు దిగదు. మరియదాసుకు రాస్తానన్నావు, రాసుకో. పూర్తిగా రాయి.

జయపాల్


పర్చూరు,
నవంబరు 3.

అన్నయ్యా,

ఈ నెల రోజుల్లో నీకు ఆరు ఉత్తరాలు రాసి చింపేశాను. ఆరింటిలోనూ నీ తప్పే పెద్దదని రాశాను. ఇప్పుడూ అదే అంటాను. నువ్వు దించావు, నేను చూస్తూ కూర్చున్నాను. రెండూ ఒకటి కావు. కానీ అమ్మ చెప్పిందని అబద్ధం రాశాను. ఆమె చెప్పలేదు. ఆమె నోట పెట్టి ఆ మాట అనిపించడం నేను చేసిన ఇంకో పాడు పని.

నీకు తెలియనిది ఒకటి ఉంది, అది కూడా రాస్తాను. అప్పటిదాకా అమ్మా నేనూ రోజూ ఒకే పెట్టెలో పోయేవాళ్లం. ఆమె తలుపు దగ్గర, నేను లోపల. ఆమె నన్ను పిలిచేది కాదు, నేను పలికేదాన్ని కాదు. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి అన్నం పెట్టింది. "ఇయ్యాల బేరం బాగా జరిగిందిలే, నీకు కొత్త చెప్పులు కొంటా" అంది. ఆ చిన్న స్టేషన్ నుంచి తెనాలి పోయిందో, మూట నెత్తిన పెట్టుకుని వెనక్కి నడిచి వచ్చిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. మర్నాటి నుంచి ఆఖరి పెట్టె ఎక్కేది. నా డిగ్రీ అయ్యేదాకా ఏడాదిన్నర, ఒక్కరోజు కూడా నేనున్న పెట్టె వైపు రాలేదు. ఎందుకమ్మా అని నేను అడగలేదు. నాకు హాయిగా ఉండేది. చదివావు కదా, మళ్లీ చదువు. హాయిగా ఉండేది.

రేపు పార్సిల్‌లో ముగ్గురు వస్తారు. కొత్తగా చేసిన అమ్మ, మూటతో. ఆకుపచ్చ ఓణీ పిల్ల. నల్లకోటు టీసీ. ఆ పిల్ల ముఖం కిటికీ వైపు తిరిగే ఉంటుంది, ఇటు తిప్పడానికి మెడ రాదు. టీసీ చేతులు జేబుల్లో ఉంటాయి. మూట పట్టనివాడికి చేతులు బయట దేనికి?

జిగురు సంగతి తేల్చాను. పంక్చర్లు వేసే రబ్బరు సొల్యూషను. వార్నిషు పూసిన పన్నెండు మందిని ఒక చెక్కకు దాంతో అంటించి, చెక్కను స్కూటీ వెనక కట్టి ఇంకొల్లు దాకా పోయి వచ్చాను. ఆ రోడ్డు ఎలా ఉంటుందో నీకు తెలుసు. మిరప నారు ట్రాలీ వెనకాల గుంతల్లో పడి లేచి వచ్చినా ఒక్కడు కదల్లేదు. ఎండినా రబ్బరు లాగే సాగుతుంది కాబట్టి కుదుపుకు విరగదు. గుడ్డను కాల్చదు. సీటుకూ బొమ్మకూ రెండింటికీ పలచగా పూయి. పది నిమిషాలు ఆరనివ్వు. వేలికి అంటకుండా అయ్యాక అప్పుడు నొక్కు. తడి మీద నొక్కితే పట్టదు, నీకు తొందరెక్కువ కాబట్టి ఇది రెండుసార్లు చదువు. తీగకు బెజ్జం ఎలాగూ పెడతావు. కప్పు ఒక రోజంతా తెరిచి ఉంచు.

పాత అమ్మను సీటు మీది నుంచి తియ్యి. విరక్కుండా రాదని నాకు తెలుసు. విరిగితే విరగనీ. కాళ్లు వంచిన అమ్మ నాకొద్దు.

నీ నంబరు ఇంకా బ్లాక్‌లోనే ఉంది. తీయను.

మహిమ


చీరాల,
డిసెంబరు 18.

మహిమకు,

రబ్బరు సొల్యూషను పట్టింది. నిన్న ప్రదర్శన మొదలైంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా బండి అరవై రెండుసార్లు తిరిగింది, ఒక్కరు పడలేదు. ఇది మెచ్చుకోలు కాదు, జరిగింది చెబుతున్నాను.

పాత బొమ్మను హ్యాక్సా బ్లేడుతో కోశాను. నడుము దగ్గర విరిగింది. సీటు చెక్క ఒక పొర లేచి ఆమెతోనే వచ్చేసింది. ఆ సీటును మళ్లీ చెక్కలేదు. అలాగే ఖాళీగా ఉంది. నల్లకోటు వాడి చేతులు జేబుల్లోంచి లాగుదామని చూశాను. లాగితే విరుగుతాయని వదిలేశాను. నువ్వు కోరుకున్నట్టే మూటకు అంగుళం దూరంలో నిలబడి ఉన్నాడు.

నిన్న పదకొండింటికి యలమందయ్య వచ్చాడు. నాతో పదిహేనేళ్లు స్క్వాడ్‌లో పనిచేసినవాడు. చుట్టూ ఇరవై మంది దాకా ఉన్నారు, అందరూ మా వాళ్లే, భార్యలతో వచ్చారు. యలమందయ్య వంగి చూసి "ఏందయ్యా జయపాలూ, అందరికీ టేకు సీట్లు చేసి ఈ ఆడమనిషిని తీసకపోయి దొడ్డి పక్కన కూలేశావు? ఎవరీవిడ?" అన్నాడు. నలుగురు నవ్వారు.

"మా అమ్మ" అన్నాను.

సగం మాటే బయటికి వచ్చింది. ఆయన "ఆఁ?" అన్నాడు. మంచినీళ్లు తాగి మళ్లీ చెప్పాను. "మా అమ్మ. ఆదెమ్మ. తెనాలికి లుంగీలు మోసి నన్ను చదివించింది. ఈ నల్లకోటు వాణ్ణి నేను. లగేజీ బుక్ చేయలేదని బాపట్లకు ముందు స్టేషన్‌లో ఆమెను దించేశాను. మా అమ్మ అని చెప్పకుండా దించాను."

యలమందయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని పక్క బల్ల దగ్గరికి పోయాడు. ఆయన భార్య మాత్రం చాలాసేపు అక్కడే నిలబడింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర నా పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. మరియదాసు వచ్చి, సంఘం పండుగ రోజు ఇవన్నీ ఎందుకయ్యా అని మెల్లగా చీవాట్లు పెట్టాడు. కావాలంటే బండి తీసేస్తానన్నాను. వద్దులే, ఉండనీ అన్నాడు.

మూడింటికి ఆడవాళ్లు కొందరు వచ్చారు. వాళ్లలో ఒకావిడ కిటికీ లోంచి వేలు చూపించి "ఈ ఆకుపచ్చ ఓణీ పిల్ల ఎవరండీ, అందరూ తలుపు వైపు చూస్తంటే తనొక్కతే అటు తిరిగింది?" అని అడిగింది.

నేను చెప్పలేదు. చేసినావిడ వస్తుంది, ఆమెనే అడగండి అన్నాను. ఆవిడ మళ్లీ వస్తానంది.

ప్రదర్శన ఆదివారం సాయంత్రం దాకా ఉంటుంది. వచ్చి చెప్పుకో.

జయపాల్